న్యూరోపిక్సెల్స్: సెంటీమీటరు కాడలో ఇమిడిన పనితనం

మెదడులో ఒక న్యూరాన్ స్పందించినప్పుడు దాని పక్కన పుట్టే విద్యుత్ సంకేతం కొన్ని పదుల మైక్రోవోల్టులు, మహా అయితే కొన్ని వందలు. ఉండేది సుమారు ఒక మిల్లీసెకను. దాన్ని అలాగే తీగ మీద దూరం పంపితే దారిలో గదిలోని కరెంటు రొద కలుస్తుంది. వందల ఎలక్ట్రోడ్లకు వందల తీగలు చుంచెలుక తలకు కట్టడమూ కుదరదు. బెల్జియంలోని ఐమెక్ సంస్థ ఇంజినీర్లు, అనేక ప్రయోగశాలల శాస్త్రవేత్తలు కలిసి చేసిన న్యూరోపిక్సెల్స్ ప్రోబ్ 2017లో నేచర్ పత్రికలో వెలువడింది. సంకేతాన్ని ఎలుక తల దాటకముందే అంకెలుగా మార్చడం ఇందులోని కీలకం.

ప్రోబ్‌లో మెదడులోకి దిగేది ఒక సిలికాన్ కాడ. పొడవు 10 మిల్లీమీటర్లు, వెడల్పు 70 మైక్రాన్లు, అంటే దాదాపు తలవెంట్రుక మందం. దాని మీద వరుసకు రెండు చొప్పున, వరుసల మధ్య 20 మైక్రాన్ల ఎడంతో 960 ఎలక్ట్రోడ్లు ఉన్నాయి. ఒక్కోటి 12 మైక్రాన్ల చదరం. వీటిని టైటానియం నైట్రైడ్‌తో చేశారు. దాని ఉపరితలం సూక్ష్మస్థాయిలో గరుకుగా ఉంటుంది కాబట్టి చిన్న చదరంలోనే ద్రవాన్ని తాకే వైశాల్యం పెరిగి, రొద తగ్గుతుంది.

ఎలక్ట్రోడ్లు 960 ఉన్నా, సంకేతాన్ని బయటికి తెచ్చే దారులు, అంటే ఛానెళ్లు, 384 మాత్రమే. ప్రతి ఎలక్ట్రోడ్ కింద ఒక స్విచ్ ఉంది. ఒక్కో ఛానెల్ వంతుకు రెండు మూడు ఎలక్ట్రోడ్లు వస్తాయి. వాటిలో దేన్ని వినాలో కంప్యూటర్ నుంచే ఎంచుకోవచ్చు. ప్రోబ్‌ను కదపకుండానే పై పొరల నుంచి లోతుకు దృష్టి మార్చవచ్చన్నమాట. ఆంప్లిఫయర్లను మాత్రం కాడలో పెట్టలేదు, మెదడు బయట ఉండే ప్రోబ్ మొదలు భాగంలో పెట్టారు. వాటి వేడి కణజాలానికి తగలకూడదు.

ఆ మొదలు భాగంలో ప్రతి ఛానెల్ సంకేతం పెద్దదై, రెండు పాయలుగా చీలుతుంది: న్యూరాన్ల స్పైకులను, అంటే ఆ మిల్లీసెకను సంకేతాలను, పట్టే వేగపు పాయ, అనేక కణాల ఉమ్మడి లయను చూపే నెమ్మది పాయ. నాకు అన్నిటికంటే నచ్చిన పనితనం ఆ తర్వాతిది. 384 ఛానెళ్లను అంకెలుగా మార్చేది 32 కన్వర్టర్లే, ఒక్కోదానికి 12 ఛానెళ్లు. ప్రతి విడతలో కన్వర్టర్ 13 కొలతలు తీస్తుంది. పన్నెండు, తన ఛానెళ్ల వేగపు పాయలవి. పదమూడోది, వాటిలో ఒక్క ఛానెల్ నెమ్మది పాయది. సెకనుకు 30,000 విడతలు కాబట్టి నెమ్మది పాయల్లో ఒక్కోదానికి సరిగ్గా 2,500 కొలతలు దక్కుతాయి. దానికి అంతకన్నా అక్కర్లేదు కూడా.

ఒకే కన్వర్టర్‌లోని ఛానెళ్లను వరుసగా కొలుస్తారు కాబట్టి వాటి మధ్య కొన్ని మైక్రోసెకన్ల తేడా వస్తుంది. ఎవరి వంతు ఎప్పుడో ముందే తెలుసు కనుక సాఫ్ట్‌వేర్ ఆ తేడాను సరిచేస్తుంది. ఇలా వేగపు పాయల నుంచే సెకనుకు కోటి 15 లక్షలకు పైగా కొలతలు ఒకే సన్నని తీగ మీద బయటికి వస్తాయి.

ఆ తొలి పరిశోధనలో మెలకువగా ఉన్న ఒక చుంచెలుక మెదడులో రెండు ప్రోబ్‌లతో, ఐదు భాగాల నుంచి ఒకేసారి 700కు పైగా న్యూరాన్లను విన్నారు. 2021లో వచ్చిన 2.0 రకంలో కాడలు నాలుగయ్యాయి, ఎలక్ట్రోడ్లు 5,120 అయ్యాయి. ఛానెళ్లు మాత్రం 384 దగ్గరే ఉన్నాయి. స్విచ్చుల ఆలోచన ఎంత గట్టిదో చెప్పడానికి ఈ ఒక్క లెక్క చాలు.