గుడిసె ఖరీదు రెండు మేకలు

2024 సెప్టెంబరు వానలకు అల్లూరి సీతారామరాజు జిల్లా గూడెం కొత్తవీధి మండలంలో కొండచరియలు విరిగి ఇళ్ల మీద పడ్డాయి. ఇలాంటప్పుడు అధికారులు వచ్చారా, బియ్యం ఇచ్చారా అని అడుగుతాం. సాయం ఎంతన్నది మాత్రం అంతకు ముందే రాసిపెట్టి ఉంది. 2022–26 కాలానికి కేంద్ర హోంశాఖ ఇచ్చిన విపత్తు సాయం పట్టిక అది. మన చదువుకున్న పిల్లలు దాన్ని ఒక్కసారైనా చదవాలి.

మనిషి పోతే 4 లక్షలు. కొండ ప్రాంతంలో ఇల్లు పూర్తిగా కూలితే 1,30,000. గుడిసె అయితే 8,000. మేక చస్తే 4,000. అంటే గుడిసె ఖరీదు రెండు మేకలు! గడ్డి, మట్టి, ప్లాస్టిక్ పట్టాలతో వేసుకున్నది, కచ్చా ఇంటికన్నా తక్కువది గుడిసె అని వివరణ కూడా ఇచ్చారు. మరి మట్టి గోడలు, గడ్డి కప్పు ఉన్న మన ఇల్లు ఏది? సర్వేకు వచ్చినాయన ఏది రాస్తే అది. ఆ ఒక్క మాటకు తేడా 1,22,000.

భూమి సంగతి ఇంకా అన్యాయం. కొండచరియ పడి భూమి పోతే హెక్టారుకు 47,000 ఇస్తారు, రెవెన్యూ రికార్డుల్లో హక్కు ఉన్న సన్న, చిన్నకారు రైతుకు మాత్రమే. కొండ జారేది పోడు మీద. పట్టా రాని పోడు ఆ రికార్డులో ఉండదు. చింతచెట్టు, జీలుగుచెట్టు మాట సరేసరి.

రికార్డు లేకుండా ప్రభుత్వ సొమ్ము ఎలా ఇస్తారని కొందరు అంటారు. అడగాల్సిన మాటే. కానీ 2006 అటవీ హక్కుల చట్టం కింద హక్కు తేల్చే పని గ్రామసభతోనే మొదలవుతుంది, ఊరి పెద్దల వాంగ్మూలం కూడా సాక్ష్యమే. హక్కుకు పనికొచ్చిన మాట పరిహారానికి ఎందుకు పనికిరాదు?

పట్టికకు మించి ఇవ్వకూడదని కూడా ఎక్కడా లేదు, రాష్ట్రం తన సొమ్ము కలపవచ్చు. 2024 జులై 30న వయనాడులో ముండక్కై, చూరల్‌మల కొట్టుకుపోయాక కేరళ ఆ 4 లక్షలకు మరో 2 లక్షలు కలిపింది, అద్దెకు నెలకు 6,000 ఇచ్చింది.

మనం చేయగలిగింది వానలకు ముందే చేయాలి. ఎనిమిదో తరగతి పిల్లలు చాలు. ఇంటింటికీ గోడ, కప్పు, మేకలు, పోడు హద్దులు, చెట్లు రాయించి గ్రామసభలో చదివి తీర్మానం చేయించాలి. ఒక నకలు ఎమ్మార్వో ఆఫీసులో, ఒకటి ఐటీడీఏలో ఇచ్చి, అందినట్టు ముద్ర వేయించుకోవాలి.