దుబాయ్ సూట్‌కేసు వేరు, విదేశీ పార్సిల్ వేరు

కామారెడ్డి, ఎల్లారెడ్డి పల్లెల్లోకి విదేశీ ఎలక్ట్రానిక్ సామాను ఏళ్ల తరబడి మనుషుల చేతుల మీదుగానే వస్తోంది. గల్ఫ్ వెళ్లినవారు సెలవుకు వస్తూ సూట్‌కేసులో ఫోనో, ల్యాప్‌టాపో పెట్టుకొస్తారు. వాడినదైనా తెచ్చిన మనిషి తెలిసినవాడు, చెడిపోతే వెళ్లి అడగడానికి ఇల్లు తెలుసు. ఆన్‌లైన్ మార్కెట్‌లో విదేశీ అమ్మకందారు దగ్గర నేరుగా పాత వస్తువు కొన్నప్పుడు ఆ పూచీ ఉండదు. తెరపై కనిపించే తక్కువ ధర చూసి ఆర్డర్ పెట్టాకే అసలు ఇబ్బందులు మొదలవుతాయి.

మొట్టమొదటి అడ్డు చట్టమే. 2023 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చిన విదేశీ వాణిజ్య విధానం ఇలాంటి సెకండ్‌హ్యాండ్ ఎలక్ట్రానిక్ వస్తువుల దిగుమతిని నియంత్రిత జాబితాలో పెట్టింది. దానికి విదేశీ వాణిజ్య డైరెక్టరేట్ జనరల్ (డీజీఎఫ్‌టీ) అనుమతి కావాలి. ఫోన్లు, ల్యాప్‌టాప్‌లు, ఛార్జర్లు భారత ప్రమాణాల సంస్థ (బీఐఎస్) తప్పనిసరి రిజిస్ట్రేషన్ కిందికి కూడా వస్తాయి. ఒక్క పాత ల్యాప్‌టాప్ కోసం డిగ్రీ విద్యార్థి ఇన్ని అనుమతులు తెచ్చుకోవడం అయ్యే పని కాదు. ‘గిఫ్ట్ అని రాసి పంపుతాం’ అనే అమ్మకందారులు ఉన్నారు. ఆ దారి 2019 డిసెంబర్‌లోనే మూతపడింది. రాఖీలు, ప్రాణరక్షక మందులు తప్ప పోస్టులో, కొరియర్‌లో వచ్చే వేటికీ గిఫ్ట్ పేరిట సుంకం మినహాయింపు లేదు. తప్పుడు డిక్లరేషన్ బయటపడితే సరుకు జప్తు కావచ్చు, జరిమానా పడవచ్చు. ఆ నష్టం విదేశంలోని అమ్మకందారును తాకదు, ఇక్కడ కొన్నవారి మీదే పడుతుంది.

సూట్‌కేసు సంగతి ఇలా కాదు. ప్రయాణికుడు తాను వాడుకున్న వ్యక్తిగత వస్తువులకు, 18 ఏళ్లు నిండినవారు వెంట తెచ్చుకునే ఒక ల్యాప్‌టాప్‌కు సుంకం ఉండదు. గల్ఫ్ నుంచి వచ్చే బంధువు చేతి సామాను నిక్షేపంగా ఇంటికి చేరడానికి, అలాంటి వస్తువే ఉన్న పార్సిల్ శంషాబాద్ విమానాశ్రయంలో ఆగిపోవడానికి కారణం ఈ తేడాయే.

పార్సిల్ ఇల్లు చేరినా ఫోన్ పనిచేస్తుందన్న నమ్మకం లేదు. జియోకు 2జీ, 3జీ లేవు, కాల్స్ 4జీ నెట్ మీద నడిచే వోల్టే పద్ధతిలోనే వెళ్తాయి. దాని 4జీ ప్రధానంగా 3, 5, 40 బ్యాండ్ల మీద ఉంది. వేరే దేశం కోసం తయారైన ఫోన్‌లో 40వ బ్యాండ్ లేకపోతే సిగ్నల్ బలహీనపడుతుంది. వోల్టే కుదరకపోతే నెట్ వస్తుంది కానీ కాల్ కలవదు. అమెరికాలో ఒక టెలికాం కంపెనీకి లాక్ చేసి అమ్మిన ఫోన్ వేరే సిమ్‌ను ఒప్పుకోదు. ఐఫోన్ 14 నుంచి అమెరికా మోడళ్లకు సిమ్ పెట్టే ట్రేయే లేదు, ఈ-సిమ్ తీసుకోవాల్సిందే. అన్నిటికన్నా కష్టమైనది పాత యజమాని ఐక్లౌడ్ ఖాతా తీయకుండా అమ్మిన ఐఫోన్. స్క్రీన్ వెలుగుతుంది, బ్యాటరీ బాగుంటుంది, కానీ ఆ ఖాతా పాస్‌వర్డ్ లేకుండా ముందుకు కదలదు. దాన్ని సెల్ షాపులో ఇచ్చినా విడిభాగాల కిందికే పనికొస్తుంది.

కరెంటుతో నడిచే సామానుకు వోల్టేజీ చూసుకోవాలి. జపాన్‌లో 100 వోల్టులు, అమెరికాలో 120, మన దగ్గర 230. అడాప్టర్ వెనుక చిన్న అక్షరాల్లో ‘100–240’ అని ఉంటే పిన్ మారిస్తే సరిపోతుంది. 100 లేదా 120 అని మాత్రమే ఉన్న పాత ఆంప్లిఫయర్‌ను ట్రాన్స్‌ఫార్మర్ లేకుండా మన ప్లగ్గులో పెడితే కాలిపోతుంది.

వస్తువు బాగోలేదని వెనక్కి పంపడం దాదాపు కుదరని పని. రిటర్న్ ఖర్చు వస్తువు ధరను దాటిపోవచ్చు. ఉబ్బిన, పాడైన లిథియం బ్యాటరీని విమానంలో తీసుకోరు. విడి లిథియం అయాన్ బ్యాటరీలను ప్రయాణికుల విమానాల్లో సరుకుగా పంపడం 2016 ఏప్రిల్ నుంచే నిషేధం. 2020 నాటి ఈ-కామర్స్ నిబంధనలు మన వినియోగదారులకు అమ్మే విదేశీ సంస్థలకూ వర్తిస్తాయి, ఫిర్యాదుకు 1915 నంబరు ఉంది. అయితే అక్కడెక్కడో ఉన్న వ్యక్తి తన పాత ఫోన్ అమ్మి ఖాతా మూసేస్తే ఆ నిబంధనలు అక్కరకు రావు.

ఈ అయోమయమే మోసగాళ్లకు అదను. ‘మీ పార్సిల్ కస్టమ్స్‌లో ఆగింది, వెంటనే డబ్బు పంపండి’ అని ఫోన్ వస్తుంది. కస్టమ్స్ అధికారులు ఎవరి సొంత ఖాతాకూ డబ్బు వేయమనరు. వారి ఉత్తరాల మీద సాధారణంగా డిన్ అనే గుర్తింపు సంఖ్య ఉంటుంది, దాన్ని కేంద్ర పరోక్ష పన్నులు, కస్టమ్స్ బోర్డు (సీబీఐసీ) వెబ్‌సైట్‌లో సరిచూసుకోవచ్చు. డబ్బు పోతే ఆలస్యం చేయకుండా సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి చెప్పాలి.

ఇన్ని చిక్కుల మధ్య పాత విదేశీ ఫోన్‌ను పార్సిల్‌లో తెప్పించుకోవడం ఈ ప్రాంతపు సాధారణ కుటుంబానికి తగిన బేరం కాదు. కావాలంటే తెలిసినవారు తెచ్చింది చూసి, సిమ్ వేసి, ఒక కాల్ మాట్లాడి తీసుకోవడమే మేలు. అప్పుడు కూడా డబ్బు చేతిలో పెట్టే ముందు *#06# నొక్కి ఐఎంఈఐ చూడండి. కేవైఎం అని ఇంగ్లిషులో టైప్ చేసి, ఖాళీ వదిలి, ఆ 15 అంకెలు 14422కు మెసేజ్ పెట్టండి. బ్లాక్ అయిన ఫోనో, నకిలీ నంబరో అయితే జవాబులో తెలుస్తుంది.