లెక్కకు బదులు దాతృత్వం: తెలంగాణ సంపన్నవర్గాల ఆత్మరక్షణ భాష

ఆర్థిక అక్రమం బయటపడినప్పుడు సమాజం సంపన్నవర్గాన్ని అడిగేది లెక్క. ఆ వర్గం తరచుగా తన గుణాన్ని సమాధానంగా చూపుతుంది. దానం అధికారానికి నైతిక ఆమోదం సమకూరుస్తుందన్న ఎరుక దక్షిణ తెలంగాణకు కొత్త కాదు. పాలమూరు ప్రాంతపు గద్వాల, వనపర్తి సంస్థానాల కీర్తికి పండితపోషణే ముఖ్యమైన ఆధారం. లెక్క అడిగే సందర్భంలో ఈ దానభాష ఎలా పనిచేస్తుందో నల్లగొండ చరిత్రలో గమనించవచ్చు.

నిజాం పాలనలో భూమి రికార్డులు దేశ్‌ముఖులు, పట్వారీల అదుపులో ఉండేవి. సర్వే, సెటిల్‌మెంటు కాలంలో రైతులు సాగుచేస్తున్న భూములు వారికి తెలియకుండానే దొరల పేర పట్టా అయిన తీరును పుచ్చలపల్లి సుందరయ్య తన పోరాట చరిత్రలో నమోదు చేశారు. అందువల్ల 1946–51 సాయుధ పోరాటంలో భూమితో పాటు రికార్డు కూడా వివాదాంశమే. ఆ నేపథ్యంలో 1951 ఏప్రిల్ 18న పోచంపల్లిలో దళితులు వినోబా భావేను 80 ఎకరాలు కోరగా, వెదిరె రామచంద్రారెడ్డి 100 ఎకరాలు ఇచ్చారు. దాత చిత్తశుద్ధిని ఇక్కడ శంకించనక్కరలేదు. పరిశీలించవలసింది ఆ ఘటన చుట్టూ ఏర్పడిన ఉద్యమభాషను. అందులో ‘భూమి ఎలా సమకూరింది?’ అన్న ప్రశ్న స్థానాన్ని ‘ఎవరు ఎంత ఇచ్చారు?’ అన్నది ఆక్రమించింది. హక్కు అడిగినవాడు గ్రహీతగా మిగిలాడు.

ఇదే భాష కార్పొరేట్ రూపంలో 2009 జనవరి 7న హైదరాబాదులో వినిపించింది. సత్యం కంప్యూటర్స్ అధ్యక్షుడు బి. రామలింగరాజు రాజీనామా లేఖ, ఖాతాల్లో చూపిన నగదులో 5,040 కోట్ల రూపాయలు లేవని ఒప్పుకుంది. అయితే లేఖలోని వాక్యనిర్మాణం గమనార్హం. అసలు లాభాలకూ చూపిన లాభాలకూ మధ్య అంతరం ఏటేటా ‘పెరిగింది’. దాన్ని పెంచిన కర్త ఆ వాక్యంలో లేడు. స్వార్థం లేదని చెప్పవలసిన చోట మాత్రం కర్త స్పష్టంగా కనిపిస్తాడు: తానుగానీ మేనేజింగ్ డైరెక్టర్‌గానీ ఒక్క రూపాయి తీసుకోలేదు, ఎనిమిదేళ్లలో దాతృత్వ కార్యాలకోసం అమ్మిన కొద్ది వాటాలు తప్ప మరేవీ అమ్మలేదు. 2005లో ఆరంభించిన 108 అంబులెన్సు సేవ తెచ్చిన మంచిపేరు ఈ సమర్థనకు లేఖ వెలుపలి బలం.

రెండు సందర్భాల ఫలితం ఒకటి కాదు. సత్యం వ్యవహారంలో లెక్క అడిగే సంస్థలున్నాయి. 2014లో సెబీ అక్రమ లాభాలను తిరిగి చెల్లించాలని ఆదేశించింది. 2015 ఏప్రిల్ 9న ప్రత్యేక న్యాయస్థానం రాజుకు 7 ఏళ్ల జైలుశిక్ష విధించింది. అప్పీలు దశలో శిక్ష అమలు నిలిచినా, ఆ విచారణ దాతృత్వంతో ఆగలేదు. పట్టా కోల్పోయిన నల్లగొండ రైతుకు అటువంటి వేదిక దొరకలేదు. కనుక భూదాన సాహిత్యాన్ని త్యాగగాథగా మాత్రమే బోధించడం అసంపూర్ణం. దాత ఇచ్చినదానితో పాటు, రికార్డు మార్పులో రైతు పోగొట్టుకున్నదీ ఆ పాఠంలో చోటుచేసుకోవాలి.