భయానక రసం – ప్రేక్షక భావన: విద్యార్థి లఘుచిత్ర ప్రణాళికపై ఒక పరిశీలన

ఉపోద్ఘాతం

విశ్వవిద్యాలయాల్లోనూ కళాశాలల్లోనూ విద్యార్థులు తీసే లఘుచిత్రాలలో దెయ్యం కథలకు ప్రత్యేక స్థానం ఉంది. ఇద్దరు ముగ్గురు పాత్రధారులు, ఒక పాత ఇల్లు, ఒక రాత్రి ఉంటే చాలునన్న భావన ఇందుకు ఒక కారణం. ఇటువంటి చిత్రానికి రాసే ప్రతిపాదన పత్రంలో కథాసంగ్రహం, పాత్రలు, వ్యయం వంటి అంశాలతో పాటు ‘లక్ష్య ప్రేక్షకులు’ అనే శీర్షిక ఉంటుంది. దాని కింద సాధారణంగా కనిపించేది ఒక వయోపరిమితి మాత్రమే: ‘15 నుంచి 25 ఏళ్ల యువత’. ఆ తరువాత కథాకల్పనలో గాని, ధ్వని రూపకల్పనలో గాని ఆ ప్రేక్షకుడి ప్రసక్తి మళ్లీ రాదు.

భయం ప్రేక్షకుడి వయస్సును బట్టి కాక, అతని జ్ఞాపకాన్నీ నమ్మకాన్నీ చూసే సందర్భాన్నీ బట్టి పుడుతుందనేది ఈ వ్యాసం ప్రతిపాదించే అంశం. అందువల్ల ప్రేక్షక నిర్ణయం భయానక చిత్ర ప్రణాళికలో చివర పూరించే ఖాళీ కాదు, మొదటి సృజనాత్మక నిర్ణయం. భరతుడి రససిద్ధాంతం, అభినవగుప్తుడు చెప్పిన రసవిఘ్నాలు ఈ నిర్ణయానికి ఎట్లా ఉపకరిస్తాయో, ఎక్కడ సవరణ కోరుతాయో ఇక్కడ పరిశీలించడమైనది.

భరతుడి భయానకం – ప్రేక్షకుడు

నాట్యశాస్త్రం ఆరవ అధ్యాయంలో భయానకానికి భయం స్థాయిభావం. వికృతమైన ధ్వనులు, భూతాది సత్త్వాల దర్శనం, నక్కల, గుడ్లగూబల అరుపులు, శూన్యగృహాలు, అరణ్యాలలోకి వెళ్లడం, ఆత్మీయుల వధను లేదా బంధనాన్ని చూడడం, వినడం, వాటిని గురించి చెప్పుకోవడం దీనికి విభావాలు. ఈ పట్టికలో రెండు విషయాలు గమనించదగినవి. మొదటిది, అందులో వినబడేవాటికి కనబడేవాటితో సమానమైన ప్రాధాన్యం ఉంది. రెండవది, ఆత్మీయుల ఆపద కళ్లెదుట జరగనక్కరలేదు, దాన్ని గురించి విన్నా చాలు. పరిమిత వనరులున్న విద్యార్థికి ఈ రెండూ అనుకూలమైన సూత్రాలే.

భయానకాన్ని భరతుడు మూడు విధాలుగా విభజించాడు: వ్యాజం వల్ల అంటే నటన వల్ల కలిగేది, అపరాధం వల్ల కలిగేది, విత్రాసితకం అంటే బెదురు వల్ల కలిగేది. విద్యార్థి చిత్రాలు ఎక్కువగా మూడవ దానిని ఆశ్రయిస్తాయి. హఠాత్తుగా తలుపు కొట్టుకోవడం, తెరపైకి ఒక ముఖం దూసుకురావడం, పెద్ద శబ్దం ఈ కోవలోనివి. ఇవి శరీరాన్ని ఉలిక్కిపడేటట్టు చేస్తాయి, కాని చిత్రం ముగిశాక మిగలవు. అపరాధజన్యమైన భయం అట్లా కాదు. అది ప్రేక్షకుడికి తన పాత తప్పును గుర్తుచేస్తుంది.

భయాన్ని స్త్రీలకూ నీచప్రకృతి గలవారికీ సహజమైనదిగా నాట్యశాస్త్రం చెప్పింది. సిద్ధిని వివరించే ఇరవై ఏడవ అధ్యాయంలో శూరులు బీభత్స రౌద్రాలను, బాలురు, మూర్ఖులు, స్త్రీలు హాస్యాన్ని, వేషాలంకరణను ఇష్టపడతారని ప్రేక్షకుల వర్గీకరణ ఉంది. ఈ వర్గీకరణను యథాతథంగా స్వీకరించడం నేడు సాధ్యం కాదు. 1992లో వెలువడిన ‘మెన్, విమెన్, అండ్ చైన్ సాస్’ గ్రంథంలో కెరోల్ క్లోవర్, అమెరికన్ హత్యాభయానక చిత్రాలు చూసే యువకులు చివరి వరకూ బతికి పోరాడే యువతి పాత్రతోనే తాదాత్మ్యం చెందుతారని వాదించింది. భయపడే పాత్రకూ భయాన్ని ఆస్వాదించే ప్రేక్షకుడికీ లింగసామ్యం అవసరం లేదని దీని సారాంశం. నేటి ప్రతిపాదన పత్రాల్లోని వయోలింగ పట్టికలు భరతుడి వర్గీకరణలోని పరిమితిని తెలియకుండానే పునరావృతం చేస్తున్నాయి. అయితే ఒకే ప్రేక్షకుడిలో అన్ని అర్హతలూ ఉండవని అంగీకరించినవాడూ భరతుడే. ఆ అంగీకారమే ఇక్కడ ఉపయోగపడేది.

వికృతి: భయమా, నవ్వా?

విద్యార్థి దెయ్యం చిత్రానికి తరచుగా ఎదురయ్యే వైఫల్యం ప్రేక్షకులు భయపడకపోవడం కాదు, నవ్వడం. దీనికి కారణం నాట్యశాస్త్రంలోనే దొరుకుతుంది. వికృతమైన వేషం, అలంకారం హాస్యానికి విభావాలు. వికృతమైన రవం భయానకానికి విభావం. వికృతి రెండింటికీ సామాన్యమే. అది కంటికి వేషంగా కనబడినప్పుడు నవ్వు వైపు, ఆధారం కనబడని ధ్వనిగా వినబడినప్పుడు భయం వైపు మొగ్గే అవకాశం ఎక్కువ. తెల్లచీర, విరబోసుకున్న జుట్టు, ముఖాన పూసిన పొడి ఉన్న ఆకారాన్ని పూర్తి వెలుతురులో చూపినప్పుడు ప్రేక్షకుడు చూసేది దెయ్యాన్ని కాదు, వేషాన్ని.

తెలుగు ప్రేక్షకుడి విషయంలో దీనికి చారిత్రక కారణం కూడా తోడయింది. 1992లో రాంగోపాల్ వర్మ తీసిన ‘రాత్రి’ కొత్త ఇంట్లో చేరిన ఒక సాధారణ కుటుంబాన్ని ఆధారం చేసుకుని భయాన్ని గంభీరంగా నిర్వహించింది. 2013లో వచ్చిన ‘ప్రేమకథా చిత్రమ్’ విజయం తరువాత భయహాస్య మిశ్రమం తెలుగులో స్థిరమైన ప్రక్రియ అయింది. 2017 నాటి ‘ఆనందో బ్రహ్మ’లో మనుషులకు దెయ్యాలే భయపడే స్థితి వచ్చింది. ఈ చిత్రాలు చూస్తూ పెరిగిన ప్రేక్షకుడు తెరమీద దెయ్యం కనబడగానే నవ్వుకు సిద్ధపడతాడు. అతనికి 20 ఏళ్లని తెలుసుకోవడం వల్ల విద్యార్థికి దక్కేది స్వల్పం. ఏ చిత్రాలు అతనికి ఏ ఆకారం చూసి నవ్వడం నేర్పాయో తెలుసుకుంటే ఏ దృశ్యాన్ని తొలగించాలో తెలుస్తుంది.

రసవిఘ్నాలు – ప్రణాళికా ప్రశ్నలు

అభినవభారతిలో అభినవగుప్తుడు రసాస్వాదానికి ఏడు విఘ్నాలు చెప్పాడు. వాటిలో ఐదు లఘుచిత్ర ప్రణాళికకు నేరుగా అన్వయిస్తాయి.

మొదటిది సంభావనావిరహం, అంటే జరుగుతున్నది నమ్మశక్యంగా లేకపోవడం. లోకసామాన్యమైన ఇతివృత్తం దీనికి పరిహారం. ఊరికి దూరంగా ఉన్న కోటకన్నా వసతిగృహంలోని స్నానాల గది విద్యార్థి ప్రేక్షకుడికి నమ్మదగిన స్థలం.

రెండవది దేశకాలవిశేషావేశం, అంటే తెరమీది అనుభవాన్ని తనకో ఫలానా వ్యక్తికో అంటగట్టి చూడడం. చిత్రాన్ని మొదట చూసేవారు సాధారణంగా సహాధ్యాయులే. వారికి తెరమీద పాత్ర కనబడదు, తమ మిత్రుడు కనబడతాడు. అందువల్ల వారి కేకలు గాని నవ్వులు గాని చిత్రానికి ప్రమాణం కావు. పాత్రధారులను ఎరుగని పదిమందికి చూపడం ప్రణాళికలో భాగం కావాలి.

మూడవది నిజసుఖాదివివశత్వం. సొంత సుఖదుఃఖాలలో మునిగిన మనస్సు రసాన్ని అందుకోలేదు. గానవాద్యాదులు దీనికి పరిహారంగా చెప్పబడ్డాయి. ఫోనులో చిత్రం చూస్తున్నవాడికి మధ్యలో సందేశాలు వస్తుంటాయి. అతని దృష్టిని నిలపడానికి మొదటి అరనిమిషంలోనే ధ్వని ఒక ప్రశ్నను లేవనెత్తాలి.

నాలుగవది ప్రతీత్యుపాయవైకల్యం, అంటే గ్రహించే సాధనం లోపించడం. చీకటి ప్రదర్శనశాలలో స్పష్టంగా ఉన్న నీడ, పట్టపగలు బస్సులో పట్టుకున్న ఫోను తెరమీద కనబడదు. సమావేశ మందిరంలోని ధ్వనివర్ధకాల ద్వారా వినిపించని శ్వాస, చెవిలో పెట్టుకునే ఇయర్‌ఫోన్లలో మీద పడినట్టు వినిపిస్తుంది. చిత్రం ఎక్కడ చూడబడుతుందో తేలకుండా వెలుతురునూ ధ్వనినీ నిర్ణయించడం కుదరదు.

ఏడవది సంశయయోగం. ఇక్కడ ఒక భేదం పాటించాలి. ఉన్నది దెయ్యమా, భ్రమా అన్న కథాగత సంశయం భయానకాన్ని పోషిస్తుంది. యండమూరి వీరేంద్రనాథ్ ‘తులసిదళం’ నవలలో క్షుద్రశక్తికీ వైజ్ఞానిక వివరణకూ మధ్య పాఠకుడు ఊగిసలాడటం ఆ నవల పట్టుకు ఒక కారణం. అభినవగుప్తుడు దోషంగా చెప్పిన సంశయం వేరు. కన్నీరు శోకం వల్ల వచ్చిందో, ఆనందం వల్ల వచ్చిందో, కంటిజబ్బు వల్ల వచ్చిందో తేలనట్టు, విభావానుభావాలు ఏ స్థాయిభావానికి చెందినవో తెలియకపోవడం అది. భయపడాలో నవ్వాలో తెలియని ప్రేక్షకుడి స్థితి ఈ రెండవ సంశయమే. విద్యార్థి కథలో మొదటి సంశయాన్ని పెంచి రెండవదాన్ని తొలగించుకోవాలి.

ఒక ఉదాహరణ: ‘లైట్స్ అవుట్’

స్వీడన్ దర్శకుడు డేవిడ్ ఎఫ్. శాండ్‌బెర్గ్ 2013లో తీసిన ‘లైట్స్ అవుట్’ నిడివి 3 నిమిషాల లోపు. నటించినది ఆయన భార్య లొట్టా లోస్టెన్. చిత్రీకరణ స్థలం వారు నివసించే ఇల్లు. దీపం ఆర్పితే నడవ చివర ఒక ఆకారం కనబడుతుంది, వెలిగిస్తే మాయమవుతుంది. మళ్లీ ఆర్పితే మరింత దగ్గరగా ఉంటుంది. సంభాషణ లేదు, ఆకారానికి పూర్వకథ లేదు. అంతర్జాలంలో లక్షలాది మంది చూసిన ఈ చిత్రాన్ని 2016లో ఆయనే పూర్తి నిడివి చిత్రంగా తీశాడు.

ఈ చిత్రం ప్రేక్షకుణ్ణి వయస్సుతో గుర్తించలేదు, ఒక అలవాటుతో గుర్తించింది. పడుకునే ముందు దీపం ఆర్పే ప్రతివారూ దాని ప్రేక్షకులే. భాష అవసరం లేకపోవడం వల్ల దేశభేదం అడ్డురాలేదు. ఆకారాన్ని చాలావరకు నీడగానే ఉంచడం వల్ల వేషం నవ్వుగా మారే ప్రమాదం తగ్గింది. ముఖాన్ని చివరి క్షణానికి మాత్రమే దాచుకుంది.

ప్రేక్షకుడు మారితే ప్రణాళిక మారడం

ఈ సూత్రాలను ఒక కల్పిత ప్రణాళికకు అన్వయించి చూడవచ్చు. సంక్రాంతి సెలవులకు అందరూ ఊళ్లకు వెళ్లగా వసతిగృహంలో ఒక విద్యార్థి మిగిలిపోతాడు. రాత్రి వరండాలో ఎవరో ఇనుప బకెట్టు ఈడ్చుకుంటూ వెళ్తున్న చప్పుడు వినిపిస్తుంది. ఒకప్పుడు చదువు మానుకుని వెళ్లిపోయిన కిందితరగతి కుర్రవాడి చేత ఈ విద్యార్థీ, అతని స్నేహితులూ అదే బకెట్టుతో నీళ్లు మోయించి ఉంటారు. శూన్యగృహం, వికృత రవం, అపరాధం అనే మూడు విభావాలకూ ఇక్కడ ఖర్చు లేదు.

ఈ కథకు వసతిగృహ విద్యార్థులే ప్రేక్షకులైతే బకెట్టు చప్పుడు చాలు. ఆ చప్పుడు వారి నిత్యానుభవం, ఆ తప్పులో వారికీ కొంత వాటా ఉండే అవకాశం ఉంది. కుర్రవాణ్ణి చూపనక్కరలేదు. అదే కథకు తల్లిదండ్రులు ప్రేక్షకులైతే బకెట్టు చప్పుడుకు అర్థం లేదు. వారికి భయవిభావం మోగుతూనే ఉండి ఎవరూ ఎత్తని ఫోను. అప్పుడు కథ ఇంటివైపు నుంచి మొదలుకావాలి, ఆత్మీయుల ఆపదను విని భయపడటం ప్రధానం కావాలి. కథాబీజం ఒకటే అయినా కేంద్రపాత్ర, స్థలం, ధ్వని మూడూ మారతాయి. ప్రేక్షకుణ్ణి ముందుగా నిర్ణయించని ప్రణాళిక ఈ రెండింటినీ కలిపి, చివరకు తెల్లచీర ఆకారం వద్దకు చేరుతుంది.

నమ్మకం – బాధ్యత

తెలుగు ప్రాంతాల విద్యార్థికి మరొక ప్రశ్న ఎదురవుతుంది. బాణామతి, చేతబడి ఇక్కడ కేవలం కథావస్తువులు కావు. చేతబడి చేశారన్న అనుమానంతో మనుషులను కొట్టిన, చంపిన సంఘటనలు తెలంగాణ, ఆంధ్ర ప్రాంతాలు రెండింటా జరిగాయి. 2023లో వచ్చిన ‘విరూపాక్ష’ చిత్రం క్షుద్రపూజల అనుమానంతో ఊరివారు దంపతులను సజీవదహనం చేయడంతోనే ఆరంభమవుతుంది. ఈ విషయం తెరమీద ఎంత ప్రభావవంతమో, తెర బయట అంత ప్రమాదకరం.

కళాదృష్టికీ సామాజిక దృష్టికీ ఇక్కడ వైరుధ్యం ఉందని భావించడం పరిపాటి. అభినవగుప్తుడి దృష్టితో చూస్తే వైరుధ్యం లేదు. శాకుంతలం ఆరంభంలో పరుగెత్తే లేడి భయాన్ని ఉదాహరిస్తూ ఆయన, ఆ భయం ‘నాది’, ‘ఇతనిది’ అన్న సంబంధాలను విడిచి సాధారణీకృతమైనప్పుడే రసమవుతుందని వివరించాడు. చేతబడిని నమ్మే ప్రేక్షకుడికి, మంత్రాలు చేసే ఒంటరి ముసలిది దోషిగా తేలే చిత్రం చూపినప్పుడు అతని భయం సాధారణీకరణ పొందదు. అది అతని వీధిలోని ఒక ఫలానా స్త్రీకి అంటుకుంటుంది. అది రసం కాదు, అనుమానం. రెండవ రసవిఘ్నం అక్కడ సామాజిక హానిగా పరిణమిస్తుంది. అదే వస్తువును నింద మోపినవారి అపరాధం వైపు నుంచి నిర్మిస్తే భయం నిందితురాలికి కాక గుంపుకు చెందుతుంది. ఆ గుంపులో తానూ ఉన్నానేమోనన్న శంక ప్రేక్షకుడికి కలుగుతుంది.

2023 నాటి సినిమాటోగ్రాఫ్ సవరణ చట్టం యు/ఎ ధ్రువీకరణను 7, 13, 16 ఏళ్ల పైబడినవారికి మూడు శ్రేణులుగా విభజించింది. వయోవిభాగం పిల్లల రక్షణకు అవసరమే. అయితే ప్రేక్షకుడు ఏమి నమ్ముతాడన్నది ఏ ధ్రువపత్రమూ చెప్పదు. ఆ విచారణ చిత్రకారుడి బాధ్యతగానే మిగులుతుంది.

ముగింపు

‘లక్ష్య ప్రేక్షకులు’ అన్న శీర్షిక కింద వయస్సుకు బదులు నాలుగు ప్రశ్నలకు సమాధానం రాయించడం బోధనలో ప్రయోజనకరం. ప్రేక్షకుడు దేనిని నిత్యం చూస్తాడు, వింటాడు? దేనిని చూసి నవ్వడం నేర్చుకున్నాడు? చిత్రాన్ని ఎక్కడ, దేనిమీద చూస్తాడు? దేనిని నిజంగా నమ్ముతాడు? మొదటి ప్రశ్న విభావాన్ని ఇస్తుంది, రెండవది హాస్యం నుంచి కాపాడుతుంది, మూడవది వెలుతురునూ ధ్వనినీ నిర్ణయిస్తుంది, నాలుగవది బాధ్యతను గుర్తుచేస్తుంది. అలంకారశాస్త్రాన్ని పరీక్షల కోసం చదివే విద్యార్థికి అది తన చిత్రానికి పనికివచ్చే సాధనమని తెలియడానికి కూడా ఈ ప్రశ్నలు దోహదం చేస్తాయి.