కాకి పగలు, గుడ్లగూబ రాత్రి: ‘వెస్నాథ్’ క్రీడలో రక్షణవ్యూహం – ఒక పరిశీలన

వ్యాససంగ్రహం

కంప్యూటరు ప్రత్యర్థిగా ఉండే వంతులవారీ వ్యూహక్రీడల్లో ఓపికగల రక్షణ తరచుగా విజయాన్నిస్తుంది. ‘ది బ్యాటిల్ ఫర్ వెస్నాథ్’ అనే క్రీడ ఆధారంగా ఆ రక్షణ ఎందువల్ల ఫలిస్తుందో, దానికి చెల్లే మూల్యమేమిటో ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలకపదాలు: వ్యూహక్రీడ, రక్షణ, ఆసనం, ఎర, దేశకాలాలు

1. ఉపోద్ఘాతం

డేవిడ్ వైట్ రూపొందించగా 2003లో వెలువడిన స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ క్రీడ ‘ది బ్యాటిల్ ఫర్ వెస్నాథ్’. ఆరు భుజాల గడులు నిండిన పటం మీద ఇరుపక్షాలు వంతులవారీగా సైనికులను కదుపుతాయి. కథాక్రమంలో సాగే కాంపెయిన్‌లలో శత్రుపక్షాన్ని కంప్యూటరు నడుపుతుంది. ఆటగాని సైనికుల్లో చాలామందికి సొంత పేర్లుంటాయి. మరణించినవాడు తిరిగి రాడు. బతికినవాడు గడించిన అనుభవంతో తరువాతి ఘట్టానికి వస్తాడు. అందువల్ల ఇక్కడ రక్షణ అంటే ముందుగా మనుషులను కాపాడుకోవడం.

2. దేశకాలాల బలం

శక్తి, దేశం, కాలం అనే మూడింటిలో ఏది ప్రధానమన్న చర్చ అర్థశాస్త్రం తొమ్మిదవ అధికరణంలో ఉంది. నేలమీద కుక్క మొసలిని లాగుతుంది, నీటిలో మొసలి కుక్కను లాగుతుంది కనుక దేశమే ప్రధానమని కొందరి మతం. పగలు కాకి గుడ్లగూబను, రాత్రి గుడ్లగూబ కాకిని చంపుతుంది కనుక కాలమే ప్రధానమని మరికొందరి మతం. మూడూ పరస్పరం తోడ్పడేవేనని కౌటిల్యుని నిర్ణయం. ఈ కాకి–గుడ్లగూబల వైరం తిక్కన సౌప్తికపర్వం చదివిన తెలుగువారికి పరిచితమే. రాత్రివేళ కాకులను గుడ్లగూబ చంపడం చూసే అశ్వత్థామ నిద్రిస్తున్న శిబిరం మీద దాడికి పూనుకొంటాడు.

వెస్నాథ్ నియమాలు ఈ చర్చకు అంకెల రూపమిచ్చాయి. అక్కడ ఒక రోజుకు ఆరు వంతులు. ఆర్క్‌ల దెబ్బ రాత్రి 25 శాతం పెరుగుతుంది, పగలు అంతే తగ్గుతుంది. మానవ సైనికుల్లో అధికులకు ఇది తారుమారు. సామాన్య పదాతికి దెబ్బ తగిలే అవకాశం మైదానంలో 60 శాతం, కోటలో 40, లోతులేని నీటిలో 80. ఒంటరివాణ్ణి ఆరుగురు చుట్టుముట్టగలరు. తిన్నని వరుస నడుమ ఉన్నవాని మీదికి ఎదుటినుండి ఇద్దరే రాగలరు. ఆటగాడు రాత్రంతా కోటలోనో కొండమీదో వరుస నిలిపి, గాయపడినవారిని వెనుకనున్న గ్రామాలకు పంపి, తెల్లవారాక ఎదురుదాడికి దిగుతాడు.

3. యంత్రపు లెక్క

ఈ నియమాలన్నీ కంప్యూటరుకూ తెలుసు. ఒక్కొక్క దాడి ఫలితాన్ని అది మనిషి కంటె కచ్చితంగా అంచనా వేస్తుంది. అయినా ఓడిపోవడానికి ఒక కారణం ‘అగ్రెషన్’ అనే విలువలో కనిపిస్తుంది. దాని సాధారణ పరిమాణం 0.4. అంటే కంప్యూటరు ఎదుటివారికి కలిగించే నష్టాన్ని పూర్తిగానూ, తనకు కలిగే నష్టాన్ని 60 శాతంగానూ తూచుతుంది. ఆ విలువ 1 అయితే సొంత నష్టం లెక్కలోకే రాదు. పైగా ఏ వంతుకావంతు మేలనిపించిన పనిని అది ఎంచుకొంటుంది. చీకటిపడేదాకా వేచి ఉందామన్న దూరాలోచన దానికి స్వల్పం.

దీనిని తెలివితక్కువతనమని కొట్టివేయడం తొందరపాటు అవుతుంది. షాడ్గుణ్యంలోని ‘ఆసనం’ పక్షాలు ఒకదానినొకటి దెబ్బతీయలేని స్థితిలో అవలంబించే నీతి. యంత్రం కూడా ఆసనం పట్టితే రెండు సేనలూ ఎదురెదురుగా కూర్చుంటాయి, కథ కదలదు. కనుక దుడుకుతనం శత్రుపాత్రకు రూపకర్తలు కల్పించిన స్వభావం. దానిని చదవగలగడమే రక్షణకు మూలం. ఆటగాని ఆసనానికీ వారు హద్దు పెట్టారు. వంతుల గడువు దాటితే సాధారణంగా ఓటమే. ‘ఎయిర్ టు ది త్రోన్’ మొదటి ఘట్టంలో ఆర్క్‌ల ముట్టడి నుండి యువరాజు కాన్రాడ్ వాయవ్యదిశగా తప్పించుకుపోవాలి. ఉన్నచోటనే నిలిచిపోతే గెలుపు లేదు.

4. ఎర

రక్షణవ్యూహాల్లో మిక్కిలి ఫలవంతమైనది ఎర. బలహీనుడైన ఒక సైనికుణ్ణి వరుసకు ముందు నిలబెడితే, అతణ్ణి చంపే అవకాశం కంప్యూటరు లెక్కలో బరువు తూగుతుంది. ఆర్క్‌లు మంచి స్థానాలు విడిచి మైదానంలోకి వస్తారు, తెల్లవారేసరికి చిక్కుతారు. ఎరగా నిలిచేవాడు తరచుగా కొత్తగా చేరినవాడు. అతనికీ తెరమీద ఒక పేరుంది.

ఒకరి ప్రాణంతో పదిమందిని కాపాడడం యుద్ధనీతిలో కొత్త కాదు. తప్పనిసరి వేళ దానికి సమర్థన ఉంది. అయితే అది అలవాటైనప్పుడు, సొంత నష్టాన్ని తగ్గించి తూచే యంత్రానికీ ఆటగానికీ భేదం చెరిగిపోతుంది. అనుభవజ్ఞుణ్ణి కోటగడిలో ముందు నిలిపినా శత్రువు రావచ్చు. ఫలితం మాత్రం ఆలస్యమవుతుంది. ఈ రెండింటిలో ఏది ఎంచుకొన్నా ఆట ఏమీ అనదు. కాన్రాడ్ మరణిస్తే కథ అక్కడితో ఆగిపోతుంది; ఎరగా పోయినవానికి సాధారణంగా ఒక్క వాక్యమైనా దక్కదు. సైనికులకు పేర్లిచ్చిన రచన, ఆ పేర్లు చెరిగినప్పుడు మౌనం వహించడం దానిలోని ప్రధాన లోపం.

5. ముగింపు

వెస్నాథ్‌లో రక్షణ ఫలించేది దేశకాలాల జ్ఞానం వల్ల, శత్రువు లెక్క తెలియడం వల్ల. ఆ లెక్కను చదివినవాడు దానినే తన లెక్కగా చేసుకొనే ప్రమాదం ఎరలో ఉంది. గెలుపును వంతులతో, మిగిలిన బంగారంతో కొలిచినంతకాలం ఆ ప్రమాదం కనిపించదు. తరువాతి ఘట్టానికి పిలవడానికి ఎవరెవరు మిగిలారన్న జాబితా తెరిచినప్పుడే అది తెలుస్తుంది.