ఆజ్ఞ – స్థితి: అణువిద్యుత్తు మీద మన కవిత్వం

అణుశక్తి మీద నేను చదివిన తెలుగు కవితల్లో ఎక్కువభాగం హిరోషిమా దగ్గరే ఆగిపోయాయి. పుట్టగొడుగు మేఘం, బూడిదైన పసిపిల్లలు, వికటాట్టహాసం చేసే మృత్యువు – ఈ ప్రతీకలు బాంబుకు సరిపోతాయి. మన జిల్లా రణస్థలం మండలంలోని కొవ్వాడకు సరిపోవు. అక్కడ ప్రతిపాదించినవి ఒక్కొక్కటి 1208 మెగావాట్ల ఆరు వెస్టింగ్‌హౌస్ రియాక్టర్లు. రియాక్టరు బాంబులా పేలదు. వస్తువు మారినా ప్రతీక మారకపోవడం శిల్పలోపమే కాదు, అవగాహనాలోపం కూడా.

రియాక్టరులో అసలు సమస్య నీళ్ళు. ఆపేశాక కూడా ఇంధనం వేడి పుట్టిస్తూనే ఉంటుంది. ఆపిన క్షణాన అది పూర్తిశక్తిలో సుమారు ఆరు శాతం. గొట్టం పగిలి నీళ్ళు పోతే, ఇంధనం కరగకముందే కొత్తనీళ్ళు అందాలి. అమెరికాలోని ఐడహోలో 1970 చివర ఈ అత్యవసర శీతలీకరణను చిన్న నమూనా మీద పరీక్షిస్తే, పంపిన నీళ్ళు గర్భాన్ని చేరకుండా పగులులోంచే బయటికి పోయాయి. 1972లో మొదలైన బహిరంగ విచారణలో ప్రభుత్వ ప్రయోగశాలల శాస్త్రజ్ఞులే సందేహాలు బయటపెట్టారు. 1978 డిసెంబరులో లాఫ్ట్ అనే చిన్న రియాక్టరులో మళ్ళీ పరీక్షించారు. ఈసారి నీళ్ళు అందాయి, లెక్కకన్నా బాగానే చల్లబడింది. మనకు అనుకూలం కాదని ఈ సంగతి దాచకూడదు.

మూడు నెలలకే, 1979 మార్చి 28న, త్రీమైల్ ఐలండ్‌లో తెరుచుకున్న వాల్వు ఒకటి మూసుకోలేదు. అత్యవసర పంపులు వాటంతటవే పనిచేశాయి. కంట్రోలు గదిలో దీపం మాత్రం ఆరిపోయింది, వాల్వు మూసుకుందనుకున్నారు. ఆ దీపం తెలిపేది మూసుకొమ్మని పంపిన ఆజ్ఞను మాత్రమే. వాల్వు స్థితి ఏమిటో దానికి తెలియదు. ఒక మీటరు నీటిమట్టం ఎక్కువ చూపితే సిబ్బంది పంపులు తగ్గించారు. గర్భంలో దాదాపు సగం కరిగింది.

మన కవిత్వం ఆ దీపంలాగే ఉందని నా విమర్శ. సర్కారు నివేదిక 'భద్రం' అంటుంది. మన కవిత 'తరిమికొట్టండి' అంటుంది. రెండూ ఆజ్ఞలే. నా పక్షం రెండోదే. అయినా స్థితి చెప్పాల్సింది ఎవరు?

ఆ స్థితి జిల్లాకు ఉత్తరపు కొసన ఉన్న ఉద్దానానికి తెలుసు. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. కొబ్బరి, జీడితోటలు నేలకూలాయి. స్తంభాలు పడిపోయి రోజుల తరబడి కరెంటు లేదు. మోటార్లు ఆగి తాగేనీళ్ళు లేవు. కొవ్వాడకు ఎంచిన రియాక్టరు, కరెంటూ మనిషి చెయ్యీ లేకుండా 72 గంటలు తనను తాను చల్లార్చుకోగలదంటారు, ఎత్తున నిలవచేసిన నీళ్ళు వాటంతటవే దిగుతాయి కనుక. ఆ తర్వాత ట్యాంకు నింపాలి. అందుకు ఆవరణలో వేరే పంపులు ఉంటాయంటారు. సరే. కాని నాలుగోరోజు ఎలా ఉంటుందో, బిందె పట్టుకుని ట్యాంకరు కోసం దారి చూసిన ఉద్దానం తల్లిని ఏ కవీ అడగలేదు.

ఇన్ని వివరాలు పెడితే కవిత్వం పాఠం అయిపోతుందని కొందరు మిత్రులంటారు. చెర్నోబిల్ మీద స్వెత్లానా అలెక్సీవిచ్ 1997లో వెలువరించిన పుస్తకం చూడండి. అందులో మొదట వినిపించేది, మంటలార్పడానికి వెళ్ళి చనిపోయినవాని భార్య గొంతు. అంత దూరం పోనక్కర్లేదు. సోంపేట బీల కాగితాల మీద పనికిరాని భూమి. రైతులూ మత్స్యకారులూ అది నీటినేల అని, దానిమీదే తమ బతుకని పట్టుబట్టారు. 2010 జూలై 14న పోలీసు కాల్పుల్లో ప్రాణాలు పోయాయి. అదేరోజు పర్యావరణ అప్పీలు అథారిటీ థర్మల్ కేంద్రం అనుమతి రద్దుచేసింది. నినాదం జనాన్ని నిలబెట్టింది, నేల స్థితి వాదాన్ని నిలబెట్టింది. ఒకటి లేకుండా రెండోది గెలిచేది కాదు.

నిబద్ధత ఉన్న కవికి సాంకేతిక పరిజ్ఞానం అదనపు భారమని నేననుకోను. కొవ్వాడ మీద ఇకముందు రాసే యువకవులు పుట్టగొడుగు మేఘాన్ని పక్కన పెట్టి, నాలుగోరోజు నీళ్ళు ఎక్కడినుంచి వస్తాయో అడగాలి. జవాబు దొరికినా దొరక్కపోయినా, ఆ ప్రశ్న కవితలో ఉండాలి.