టేపులో నా గొంతు

మాచర్లలో డిగ్రీ పిల్లలకు ఇంటర్వ్యూ చేయడం నేర్పేటప్పుడు మొదటి నెలంతా వాళ్లను ఊళ్లమీదికి పంపను. ఎప్పుడో ఎవరో చేసిన ఇంటర్వ్యూలు ముందు పెడతాను. "మనమే వెళ్లి అడగొచ్చుగా మేడమ్?" అంటారు. వెళ్లొచ్చు. కానీ ఎదురుగా మనిషి కూర్చుంటే కొత్తవాళ్ల ధ్యాసంతా తర్వాత అడగబోయే ప్రశ్న మీదే ఉంటుంది. చెప్పేది చెవిన పడదు. పాత ఇంటర్వ్యూతో ఆ తొందర లేదు, వెనక్కి తిప్పి పదిసార్లు వినొచ్చు.

ముందు కైఫియత్తులతో మొదలుపెడతాం. రెండు వందల ఏళ్ల కిందట సర్వే అధికారి కాలిన్ మెకంజీ కోసం కావలి సోదరులు, వాళ్ల మనుషులు ఊరూరా తిరిగి కరణాలనూ పెద్దలనూ అడిగి రాయించుకున్న ఊళ్ల చరిత్రలవి. గుడి ఎవరు కట్టించారు, మాన్యం ఎవరికిచ్చారు, ఊరు ఎవరి ఏలుబడిలో ఉండేది, అన్నిటికీ జవాబులుంటాయి. ప్రశ్నలుండవు. ఒక పేరా ఇచ్చి, "ఏం అడిగితే ఈ జవాబు వచ్చి ఉంటుందో రాయండి" అంటాను. చెప్పినవాడు కరణం కాబట్టే మాన్యాల లెక్క ఇంత వివరంగా ఉందని, ఆ పొలం దున్నినవాళ్లను అడిగుంటే ఇంకో ఊరు కనపడేదని కాసేపటికి పిల్లలే పట్టేస్తారు.

తర్వాత 'మనకు తెలియని మన చరిత్ర'. తెలంగాణ సాయుధ పోరాటంలో ఉన్న ఆడవాళ్లు సొంత నోటితో చెప్పుకున్న సంగతులను స్త్రీ శక్తి సంఘటన 1986లో పుస్తకం చేసింది. వాళ్లలో ఒకరైన కమలమ్మ అడవిలో ఉండగా పసిబిడ్డను వదులుకోవాల్సి వచ్చిన చోట మా పిల్లలు పెన్సిలుతో పక్కన 'త్యాగం' అని రాస్తారు. "ఆ మాట ఆమె అన్నదా, నువ్వన్నావా?" అని అడుగుతాను. పేజీలు వెనక్కి తిప్పి వెతుకుతారు. పరిశోధనలో కోడింగ్ అంటే, అంటే వాళ్ల మాటలకు మనం పేర్లు పెట్టుకోవడమంటే, ఏమిటో ఆ వెతుకులాటలో తెలిసినంతగా నేను బోర్డు మీద రాస్తే తెలియదు.

ఇంగ్లండులో ఎసెక్స్ విశ్వవిద్యాలయం వాళ్లు ఇలాంటి ఇంటర్వ్యూలను దాచి, మళ్లీ వాడుకోవడానికని 1994లో క్వాలిడేటా అనే కేంద్రం పెట్టారు. మనదగ్గర పరిశోధన అయిపోగానే క్యాసెట్లు అటకెక్కుతాయి. నావీ ఎక్కాయి. పోయినేడు దించాను.

అందులో ఒకటి నాగార్జున సాగర్ డ్యామ్ కట్టినప్పుడు తట్టలతో మాలు మోసిన ఒక అవ్వది. 1955లో శంకుస్థాపన అయిన కొన్నేళ్లకు పాలమూరు వైపు నుంచి వచ్చి, పనయ్యాక ఈ చుట్టుపక్కలే ఉండిపోయింది. నా నోట్సులో ఆ ఇంటర్వ్యూకి పెట్టుకున్న పేరు 'కూలి రేట్లు'. అవ్వ ఇప్పుడు లేదు. ఆమె ఒప్పుకున్నది నా ఒక్కదాని పనికే గానీ ముప్పై మంది పిల్లలకు కాదు. అందుకని ముందు వాళ్లబ్బాయి దగ్గరికి వెళ్లి అడిగాను. "ఏముందమ్మా, వినిపించండి. నాక్కూడా ఒక కాపీ ఇవ్వండి" అన్నాడు.

క్లాసులో పెట్టాను. ఫ్యాను చప్పుడు, దూరంగా మేక అరుపు, తర్వాత అవ్వ గొంతు: "అప్పుడు మా సిన్నది సంకల ఉండె బిడ్డా..." కొంచెం ఆగింది. వెంటనే నా గొంతు: "రోజుకి ఎంత ఇచ్చేవాళ్లు అవ్వా?" ఆమె కూలి చెప్పడం మొదలుపెట్టింది.

వెనక బెంచీ అమ్మాయి లేచి, "మేడమ్, చిన్నదాని గురించి ఏదో చెప్పబోయింది" అంది. మళ్లీ తిప్పి విన్నాం. నిజమే. క్యాసెట్ చివరిదాకా విన్నాం, ఆ పిల్ల ఊసు మళ్లీ రాలేదు. నేను చేత్తో రాసుకున్న కాపీ తీసి చూస్తే ఆ చోట మూడు చుక్కలున్నాయి. ఇరవై ఏళ్లుగా ఆ కాగితాల్లోంచి కూలి లెక్కలు తీసి వాడుకున్నాను. ఆ చుక్కల మీద ఒక్కసారీ నా కన్ను ఆగలేదు. అప్పుడు నాకు అంకెలు కావాలి. ఆమెకు చెప్పుకోవాల్సింది వేరే ఉంది.

వాళ్లబ్బాయిని అడిగి తెలుసుకుందామన్నారు పిల్లలు. వద్దన్నాను. ఆమె నాతో చెప్పబోయింది, నేను వినలేదు. కొడుకు చేత చెప్పించి ఆ ఖాళీ నింపితే నా కాగితం నిండుతుందే గానీ ఆమె చెప్పినట్టు కాదు. ఆ చుక్కల పక్కన ఎర్ర పెన్నుతో 'ఇక్కడ నేను అడ్డుపడ్డాను' అని రాసి, తేదీ వేశాను. ఈ ఏడు పిల్లలకు కైఫియత్తుల కన్నా ముందు ఆ పేజీ జిరాక్సే మొదటి పాఠం.

ఆదివారం అవ్వ కొడుక్కి కాపీ తీసుకెళ్లి ఇచ్చాను. ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని అరుగు మీద కూర్చుని విన్నాడు. తల్లి గొంతు రాగానే కళ్లు మూసుకున్నాడు. కాసేపటికి ఫోన్ దించి, "మధ్యలో అడుగుతున్నది మీరేనా అమ్మా?" అన్నాడు.

నేనేనన్నాను.